విదేశీ టీచర్ ఉద్యోగానికి ముందే ఫీజు కట్టాలా?

ప్రశ్న: ఐదేళ్లుగా ఇంగ్లిష్ టీచర్‌గా పనిచేస్తున్నాను. దుబాయ్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ అంటోంది. అందుకు నా రెండు నెలల జీతమంత ఫీజు ముందే కట్టాలట. జపాన్ ప్రభుత్వ బడులకు దరఖాస్తు చేసుకోమని స్నేహితురాలు చెబుతోంది కానీ, అక్కడ జీతం తక్కువేమోనని నా అనుమానం. చదువు కోసం తీసుకున్న అప్పు ఇంకా రెండేళ్లు కట్టాలి. చేతిలో ఆరు నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఫీజు అందులోంచి కట్టేయమంటారా?

జవాబు: వద్దండి. దుబాయ్ ఉన్న దేశం యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగిని పిలిపించుకునే ఖర్చు యజమానే పెట్టుకోవాలి. నేరుగా గానీ, చుట్టూ తిప్పి గానీ ఆ భారం ఉద్యోగి మీద వేయకూడదు. టీచర్ కావాల్సిన స్కూలు ఏజెన్సీకి ఎలాగూ డబ్బిస్తుంది. మీ దగ్గరా వసూలు చేస్తున్నారంటే ఒకే సరుకును ఇద్దరికి అమ్ముతున్నట్టు. లేదా అసలు సరుకే లేనట్టు. ‘ముందు విజిట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం’ అన్నారంటే ఇక మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

ఆఫర్ నిజమైనదే అయితే స్కూలు నుంచే కాంట్రాక్టు కాగితం తెప్పించుకోండి. అక్కడ వ్యక్తిగత ఆదాయ పన్ను లేదు కాబట్టి జీతం అంకె ఘనంగానే కనిపిస్తుంది. నేనైతే ముందు బేసిక్ ఎంతో చూస్తాను. ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్క కడతారు. అదీ కనీసం ఏడాది పనిచేస్తేనే. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు. మొత్తం జీతం సమానంగా ఇచ్చే రెండు స్కూళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి అందులో సగమే బేసిక్ అని రాసి మిగతాది అద్దె, ప్రయాణ భత్యాల కింద చూపించింది. రెండోది 80 శాతం బేసిక్‌గా రాసింది. రెండేళ్లు చేసి వచ్చేస్తే మొదటి స్కూలు ఇచ్చేది నెల జీతంలో 70 శాతం. రెండోది ఇచ్చేది నెల జీతం కన్నా మరో 12 శాతం ఎక్కువ. సంతకం పెట్టే రోజు ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇంకో మాట అడగడం మర్చిపోకండి: జీతం పన్నెండు నెలలకా, పదికా? నా సలహా కోసం వచ్చిన ఒక టీచర్ సెలవుల జీతం సంగతి అడక్కుండానే సంతకం పెట్టేసింది. మొదటి వేసవి రెండు నెలలూ పైసా రాలేదు, అక్కడి అద్దె మాత్రం ఆగలేదు.

ఇక జపాన్ సంగతి. అక్కడ ప్రభుత్వ బడులకు టీచర్లను పిలిపించే జెట్ పథకం 1987 నుంచి నడుస్తోంది. దరఖాస్తుకు రుసుము లేదు, వెళ్లే విమానం టికెట్టూ వాళ్లదే. 2025లో పెంచాక మొదటి ఏడాది జీతం సుమారు 40 లక్షల యెన్లు. తక్కువేమీ కాదు. అయితే అక్కడ మీరు సహాయ ఉపాధ్యాయురాలే. ఏ ఊళ్లో వేస్తారో మీ చేతిలో ఉండదు. ఏడాదికోసారి పొడిగిస్తూ గరిష్ఠంగా ఐదేళ్లు. చాలా దేశాల్లో దరఖాస్తులు ఏడాది చివర్లో తీసుకుంటారు, విమానం ఎక్కేది మరుసటి ఏడాది జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో. అన్నాళ్లూ ఇప్పటి ఉద్యోగం వదలకూడదు.

జపాన్‌లో చాలామంది దెబ్బతినేది రెండో ఏడాదిలో. అక్కడి నివాస పన్ను కిందటేడు ఆదాయం మీద పడుతుంది, దాదాపు 10 శాతం. మొదటి ఏడాది ఆ కోత ఉండదు కాబట్టి చేతికొచ్చిందే జీతమనుకుని ఖర్చులు పెంచేస్తారు. మీరు మొదటి నెల నుంచే ఆ 10 శాతం పక్కన పెట్టండి. పెన్షన్‌కు కోసుకునే సొమ్ములో కొంత మాత్రం తిరిగొస్తుంది. కనీసం ఆరు నెలలు కట్టి, దేశం వదిలిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. అందులో 20.42 శాతం పన్ను పట్టుకుంటారు. దాన్నీ వెనక్కి రాబట్టుకోవచ్చు, కానీ మీ తరఫున జపాన్‌లో ఒక పన్ను ప్రతినిధిని పెట్టుకోవాలి. బయల్దేరేముందే ఆ ఏర్పాటు చేసుకోండి, ఇంటికొచ్చాక తల పట్టుకోకుండా.

దక్షిణ కొరియా గురించి మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు చెప్తారు. అక్కడ ఇంగ్లిష్ బోధన వీసాకు ప్రధానంగా ఏడు దేశాల పాస్‌పోర్టులే చెల్లుతాయి. 2010లో భారత్‌తో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల ఇంగ్లిష్ టీచర్ లైసెన్సు ఉన్న భారతీయులకూ అవకాశం ఉంది. ఏడాది పూర్తి చేస్తే ఒక నెల సగటు జీతం విడిగా ఇవ్వడం అక్కడి చట్టం. ‘ప్రైవేటు’ అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. అది స్కూలా, ట్యూషన్ కేంద్రమా? చైనాలో 2021 జూలైలో ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్ల మీద ఆంక్షలు పెట్టగానే ఎన్నో కేంద్రాలు మూతపడ్డాయి, టీచర్లు రోడ్డున పడ్డారు.

మీ అప్పు సంగతికొస్తే, సంపాదన ఒక కరెన్సీలో, వాయిదా మరో కరెన్సీలో. యూఏఈ కరెన్సీ దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంచారు. యెన్‌కు ఆ ఊతం లేదు: 2021 మొదట్లో డాలరుకు 105కు అటూఇటూగా ఉండేది, 2024 జూలైలో 160 దాటింది. జపాన్ జీతంతో ఇంటి దగ్గర అప్పు తీర్చేవాళ్లకు ఎన్ని యెన్లు ఎక్కువ పడ్డాయో ఊహించుకోండి. అప్పు తీరేదాకా రెండేళ్లు దుబాయ్, ఆ తర్వాత ఇష్టమైతే జపాన్ అన్నది మీ లెక్కకు నా ఓటు. అది కూడా ఫీజు లేని, బేసిక్ గట్టిగా ఉన్న ఆఫర్ దొరికితేనే.

పొదుపుతో అప్పు ముందే తీర్చేసి తేలిగ్గా వెళ్దామనిపిస్తుంది. ఆ పని చేయకండి. నాలుగు నెలల వాయిదాలు బ్యాంకు ఖాతాలో వదిలి, ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టండి. డిగ్రీ పట్టాల ధ్రువీకరణకు, దిగిన మొదటి నెలకు కొంత తీయండి. ఒక్క ముద్రతోనే పత్రాలను దేశాలు పరస్పరం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు, కాబట్టి ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి, దానికి వారాలు పడుతుంది. మిగిలిన సొమ్ము, మీరు వెనక్కి రావాల్సి వస్తే టికెట్టుకు, మళ్లీ ఉద్యోగం దొరికేవరకు.

ఈ వారం ఏజెన్సీని ఒక్కటే అడగండి: స్కూలు పేరు, స్కూలు ముద్రతో కాంట్రాక్టు నకలు. ఇస్తే బేసిక్ ఎంతో, సెలవుల జీతం ఉందో లేదో చూసి మళ్లీ రాయండి. ఫీజు కట్టాకే ఇస్తామంటే నాకు రాయనక్కర్లేదు.