ముందు సరుకు, తర్వాతే బిల్

చిరంజీవి అల్లుడికి,

మిర్యాలగూడలో కస్టమ్స్ క్లియరెన్స్ ఆఫీసు తెరిచావని, మొదటి పార్టీ (కస్టమర్) రైస్ మిల్లు వాళ్లేనని అక్క చెప్పింది. చాలా సంతోషం. వాళ్లు కలర్ సార్టర్, అంటే రంగు తేడా ఉన్న బియ్యపు గింజలను వేరుచేసే మెషిన్, విదేశం నుంచి తెప్పిస్తున్నారట, అందుకే రాస్తున్నా.

ఇన్వాయిస్ రాగానే బిల్ ఆఫ్ ఎంట్రీ, అదే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, వేయడానికి కూర్చోకు. మిల్లుకు పోయి, ఓనర్‌ని కూర్చోబెట్టి, పెట్టెల్లో ఏమేం వస్తున్నాయో ఒక్కొక్కటిగా అడుగు. కేటలాగ్, ఫొటోలు తెప్పించు. నేను అడగక దెబ్బతిన్నా. ఇన్వాయిస్‌లో "రైస్ మెషినరీ, 1 సెట్" అని ఉంటే మొత్తాన్నీ 8437 కింద, అంటే ధాన్యం సార్టింగ్ మెషిన్ల టారిఫ్ హెడ్డింగ్ కింద వేసేశా. హైదరాబాద్ దగ్గరి తిమ్మాపూర్ కంటైనర్ డిపోలో కంటైనర్ తెరిస్తే సార్టర్ పక్కనే ఎయిర్ కంప్రెసర్! దాని హెడ్డింగ్ 8414. సప్లయర్‌కు ఫోన్లు, బిల్ సవరణ, తొమ్మిది రోజులు పోయాయి. కంటైనర్‌ను ఆలస్యంగా తిరిగిచ్చినందుకు పడే డిటెన్షన్ బిల్లు చూసి కూడా ఆ ఓనర్ ఒక్క మాట అనలేదు, టీ తాగించి పంపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్ కదా, హెడ్డింగ్, డ్యూటీ మనవైపు నుంచే లెక్కగట్టి రాయాలి, మనం రాసిన తప్పు పార్టీ మెడకు చుట్టుకుంటుంది.

ఆలస్యం అస్సలు వద్దు. సరుకు వచ్చే ముందు రోజుకే బిల్ వేసి ఉండాలి. గడువు దాటితే మొదటి 3 రోజులు రోజుకు 5,000 రూపాయలు, తర్వాత రోజుకు 10,000. చెక్క పెట్టెల మీద, పురుగు పట్టకుండా చెక్కను శుద్ధి చేశారని చెప్పే గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఉందో లేదో లోడింగ్‌కు ముందే ఫొటోలో చూసుకో. ఆ ముద్ర లేక ఆగిన సరుకును నేను చాలాసార్లు చూశా.

ఇక ఏఈఓ సంగతి, అంటే నమ్మకమైన వ్యాపారులకు కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు. అందులో టీ1 స్థాయి అయితే తనిఖీలు తగ్గుతాయి. టీ2 వస్తే డ్యూటీ వెంటనే కట్టక్కర్లేదు, గడువు ఇస్తారు, మిల్లులకు అది పెద్ద ఊరట. కానీ టీ2కి అధికారులు స్వయంగా వచ్చి చూస్తారు. గోదాములోకి ఎవరెవరు వస్తున్నారు, తాళాలు ఎవరి దగ్గర ఉంటున్నాయి అని అడుగుతారు. అప్పటికప్పుడు రిజిస్టర్లు రాసిస్తే ఇట్టే దొరికిపోతాం. అందుకే ఇప్పుడే మొదలుపెట్టించు. కంటైనర్ సీల్ విప్పే ముందు దాని నంబరును బిల్ ఆఫ్ లేడింగ్‌తో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) సరిచూసి, ఫొటో తీసి, తేదీతో సహా రిజిస్టర్‌లో రాయించు. గుమాస్తా విసుక్కుంటాడు, అయినా వదలకు.

కంటైనర్ తిమ్మాపూర్ చేరే రోజు ఫోన్ చెయ్యి. నేనూ వస్తా, ఇద్దరం కలిసి తెరిపిద్దాం.

మీ మామ