మగ్గం నుంచి తప్పిద్దామని చదివిస్తే మళ్లీ బట్టల చదువేనా?

"సార్, మాది ధర్మవరం. ఇరవై ఏండ్లు పట్టుచీరలు నేసి, మూడేండ్ల కిందట మగ్గం అమ్మేసినాను. పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బీటెక్ వద్దంట, పర్యావరణానికి మేలు చేసే కొత్తరకం బట్టలు, నాటకాలకూ సినిమాలకూ దుస్తులు డిజైన్ చేసే చదువు కావాలంట. ఉల్లిపొట్టు ఉడకబెట్టి గుడ్డలకు రంగులేస్తావుంటే కోపమొచ్చి గిన్నె బయట పారేసినాను. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీ సీటిస్తామంటోంది, ఫీజుకు ఇల్లు తాకట్టు పెట్టాల. అది మేలా, కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్ మేలా? అసలు ఈ చదువు కూడు పెడుతుందా?"

అన్నా, ధర్మవరం, ఎమ్మిగనూరు, మాధవరం నుంచి నా దగ్గరికొచ్చే నేత తండ్రులందరిదీ ఇదే గోడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేను పడిన పాట్లు నా బిడ్డకొద్దు అంటారు. న్యాయమైన భయమే. పట్టు ధర పెరిగినా, చీర కదలకపోయినా, మీ డిజైన్‌నే పవర్‌లూమ్ మీద నేసి తక్కువకు అమ్మినా దెబ్బ మీకే. కానీ ఏం నేయాలి, దేంతో నేయాలి, ఏ రంగు వేయాలి అన్నది ఇన్నాళ్లూ ఎవరు తేల్చారు? నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవరో షావుకారో. మీ పాప అడుగుతున్నది ఆ తేల్చే పని.

గిన్నె పారేయడం మాత్రం తప్పన్నా. పటిక పట్టించిన గుడ్డకు ఉల్లిపొట్టు బంగారు పసుపునిస్తుంది, ఇనుము తగిలితే అదే రంగు ముదురాకుపచ్చకు తిరుగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీసేదీ ఈ విద్యతోనే. కర్నూలు ఉల్లి మార్కెట్లో ఊడ్చేసే పొట్టు, మన దానిమ్మ తొక్క, పులివెందుల తోటల్లో గెల కొట్టాక నరికేసే అరటిబోదె నార, అన్నీ ఆమెకు ముడిసరుకే. వేషాలకైతే లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో విజయనగర కాలం నాటి చీరకట్టు, పొడుగు కుళ్లాయిలు ఉన్నాయి. నిమ్మలకుంట తోలుబొమ్మల నగలున్నాయి. 1885లో సురభి నాటకం మొదలైంది కడప జిల్లా పల్లెలోనే. ఆరు గజాల చీర కత్తెర పడకుండా ఒంటిమీదికి వస్తుంది, ముక్క వృథా కాదు. ఇప్పుడు పెద్ద డిజైనర్లు 'జీరో వేస్ట్' అని నేర్చుకుంటున్నది దాన్నే. ఇదంతా మీకు తెలిసీ పాపకు చెప్పలేదంటే బాధగా ఉంది.

అయితే పర్యావరణానికి మేలు చేసే బట్టలకు పెట్టిన 'సస్టైనబుల్ ఫ్యాషన్' అనే మాట మీద నాకు గట్టి అనుమానమే ఉంది. ప్రతి బ్రోచర్లోనూ అదే. చెట్టు నుంచి తీసిన రంగుకూ నీళ్లు కావాలి, కట్టెలు కావాలి, కొన్ని రంగులు నాలుగు ఉతుకులకే వెలిసిపోతాయి. ఈ కష్టాలు చెప్పకుండా అందమైన ఫొటోలు చూపించే కోర్సును నేను నమ్మను. కాస్ట్యూమ్ డిజైన్‌లో మొదటి కొన్నేళ్లు అసిస్టెంటుగా చాలీచాలని డబ్బుతో నెట్టాలి, పని సినిమాకో నాటకానికో దొరుకుతుంది, నెల జీతం ఉండదు. అందుకే ముందు టెక్స్‌టైల్ డిజైన్, అంటే గుడ్డ నేత, రంగు, నమూనాల చదువు చదవమంటాను. మిల్లులు, ఎగుమతి కంపెనీలు, చేనేత సంఘాలు, ఎక్కడైనా ఆ విద్యతో పనుంటుంది. దుస్తుల వైపు తర్వాత మళ్లవచ్చు.

పోలిక అడిగారు కదా. హైదరాబాద్ నిఫ్ట్, మన రాష్ట్రంలోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ, రెండింట్లోనూ నాలుగేళ్ల డిగ్రీలున్నాయి, ముందు వాటికి ప్రయత్నించనీయండి. వెంకటగిరి చేనేత సంస్థ డిప్లొమానూ చిన్నచూపు చూడొద్దు. ఇక ఆ బెంగళూరు కాలేజీకి మీరే స్వయంగా వెళ్లండి. మగ్గాలెన్ని ఉన్నాయో, వాటిమీద నూలు ఎక్కించి ఉందో లేక దుమ్ము పట్టిందో మీ కన్నుకు ఇట్టే తెలుస్తుంది. చదివి బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమనండి. మాట్లాడించకపోతే, ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన అక్కడే మానుకోండి.

ప్రవేశ పరీక్షల సంగతి పాప చూసుకుంటుంది. మీరు కొత్త గిన్నె ఒకటి కొనిపెట్టండి. మీ మగ్గం కొన్నవాళ్లు ఊళ్లోనే ఉంటే, ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లి అచ్చు అతకడం, అంటే కొత్త పడుగు పోగులను పాతవాటికి ముడేయడం, మీ చేతులతో నేర్పండి. ఇంటర్వ్యూలో 'ఇది ఎవరు నేర్పారు' అని అడిగితే చెప్పడానికి ఆమెకు మీ పేరుంటుంది.