నాతో చెప్పని మాట పరాయి మనిషితో ఎందుకు చెప్పింది?

ఉత్తరం: మాది చిత్తూరు. మా అమ్మాయికి 22 ఏళ్ళు. తిరుపతిలో హాస్టల్లో ఉండి పీజీ చదువుతోంది. పోయిన పండగకు వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఒక మాట చెప్పింది. ఐదు నెలలుగా ఒక థెరపిస్టుతో వారం వారం ఫోనులో మాట్లాడుతోందట. రెండు నెలలుగా సైకియాట్రిస్టు రాసిన మాత్ర కూడా వేసుకుంటోందట. రాత్రిళ్ళు గుండెదడ వచ్చేదని, కొన్ని రోజులు మంచం దిగాలనిపించేది కాదని చెప్పింది. ‘ట్రామా’ అనే మాట కూడా వాడింది. నాతో చెప్పుకోని మాట డబ్బులిచ్చి పరాయి మనిషితో చెప్పుకోవడమేమిటి? మా ఆయన 11 ఏళ్ళ క్రితం కాణిపాకంలో ప్రమాణం చేసి తాగుడు మానేశారు, మళ్ళీ ముట్టలేదు. ‘మనసు గట్టిగా ఉంటే ఏ డాక్టరూ అక్కర్లేదు, దాన్నీ తీసుకెళ్ళి దేవుడి ముందు ప్రమాణం చేయిద్దాం’ అంటున్నారు. మందుల షాపు అతను ఆ మాత్రలు అలవాటైపోతాయని అన్నాడు. పలమనేరు నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. ఇది బయటపడితే ఎలా? నేను జీవితంలో ఎన్నో పడ్డాను, పుట్టింటికి కూడా చెప్పుకోలేదు. నాలుగేళ్ళుగా నాకూ సరిగా నిద్ర లేదు, అదేం పెద్ద విషయం కాదు లెండి. నా పెంపకంలో లోపం ఎక్కడుందో చెప్పండి.

జవాబు:

అమ్మా, ముందు ఒక సంగతి. మీ అమ్మాయి పట్టుబడలేదు. మాత్రల చీటీ మీ కంటపడలేదు, హాస్టల్ నుంచి ఎవరూ ఫోను చేయలేదు. తనంతట తానే, తండ్రి ఎదురుగా, అన్నం ముందు కూర్చుని చెప్పింది. మనసు బాధలు వినే ఈ పని నేను మొదలుపెట్టిన రోజుల్లో ఆడపిల్లలు ముఖానికి చున్నీ చుట్టుకొని వచ్చేవారు. ఇంట్లో పుస్తకాలు కొనుక్కోవడానికని చెప్పి వచ్చేవారు. ఇప్పుడు స్నేహితురాలిని వెంటబెట్టుకొని వస్తున్నారు. తమకు కాస్త తెరిపి కలిగితే గదిలో ఉన్న మరో పిల్లకు నా నంబరు ఇస్తున్నారు. మగపిల్లలు కూడా వస్తున్నారు, ఒకప్పుడు అది చాలా అరుదు. ఈ మార్పు చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఇంకా దాటవలసిన గడప ఒకటుంది, అది సొంత ఇంటి గడప. మీ అమ్మాయి దాన్నీ దాటింది. ఆ రోజు మీ భోజనాల దగ్గర ఎవరు ఏమన్నారో మీరు రాయలేదు. మాట తూలి ఉంటే, దిద్దుకోవడానికి ఇంకా సమయం ఉంది.

నాతో ఎందుకు చెప్పలేదని అడిగారు. తల్లి ముఖం చూస్తూ బాధ చెప్పడం చాలా కష్టం. సగం చెప్పేసరికి మీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఇక తన మాట ఆపి మిమ్మల్ని ఓదార్చాలి. పరాయి మనిషి దగ్గర ఆ బరువు ఉండదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మీరు చూసే ఉంటారు. ముఖానికి రంగు పూసుకొని, వేషం కట్టి, ఏడాదంతా పెదవి దాటని మాటలు ఆ వారం రోజులూ వీధిలో గట్టిగా అంటారు. ఎవరూ తప్పు పట్టరు. ముఖం మరుగైతే నోరు తెరుచుకుంటుందని మన వాళ్ళకు తెలియనిది కాదు. మీ అమ్మాయి ఆ మరుగును ఒక థెరపిస్టు దగ్గర వెతుక్కుంది. మీ మీద ప్రేమ తగ్గి కాదు.

ఇక మీ ఆయన మాట. కాణిపాకంలో ప్రమాణం చేసి 11 ఏళ్ళు నిలబడటం చిన్న విషయం కాదు. ఆయనకు నా నమస్కారం చెప్పండి, ఈ భాగం ఆయనకు చదివి వినిపించండి. అయ్యా, గ్లాసు ఎత్తేది చెయ్యి. ఆ చేతిని ఆపుతానని దేవుడి ముందు ప్రమాణం చేయవచ్చు, మీరు చేశారు, నిలబెట్టుకున్నారు. రాత్రి రెండు గంటలకు నిద్రలో నుంచి లేపి కూర్చోబెట్టే గుండెదడను ఆపడం ఏ చేతిలోనూ లేదు. అది రాకుండా చూసుకుంటానని పిల్ల ఎలా ప్రమాణం చేస్తుంది? చేశాక మళ్ళీ దడ వస్తే, జబ్బుకు తోడు దేవుడికిచ్చిన మాట తప్పాననే భయం కూడా నెత్తిన పడుతుంది. దయచేసి ఆ పని చేయించకండి. మొక్కు తీర్చుకోవడానికి ఆమెను కాణిపాకం తీసుకువెళ్ళండి, ప్రమాణం చేయించడానికి వద్దు.

తర్వాతి మాట మీకు మాత్రమే, అమ్మా. ఆయన తాగుడు మాని 11 ఏళ్ళు. మీ అమ్మాయికి ఇప్పుడు 22. అంటే అంతకు ముందు ఏళ్ళన్నీ ఆమె బాల్యమే. ఆ రాత్రుళ్ళలో ఆ చిన్నపిల్ల ఏం విన్నదో, ఏ తలుపు వెనక నిలబడిందో మీ ఉత్తరంలో లేదు. నేను ఊహించి చెప్పను. ఆమె గుండెదడకు కారణం అదేనని ఎవరూ దూరం నుంచి తేల్చలేరు. పరీక్షల ఒత్తిడి కావచ్చు, థైరాయిడ్ తేడా కావచ్చు, ఏ కారణమూ స్పష్టంగా లేకపోవచ్చు. కానీ తాగుడు మానినంత మాత్రాన ఆ రోజులు పిల్లల మనసులో నుంచి వాటంతట అవి చెరిగిపోవు. మీరు పుట్టింటికి కూడా చెప్పుకోలేదన్నారు. మీరు ఎలా నోరు నొక్కుకున్నారో ఆమె చూస్తూ పెరిగింది. అది మీ పెంపకంలో లోపమని నేను అనను. అప్పుడు మీకు ఎవరు దిక్కున్నారు, ఎవరికి చెప్పుకుంటారు? ఆమెకు ఇప్పుడు చెప్పుకునే చోటు దొరికింది, అంతే.

ట్రామా, అంటే మనసుకు తగిలిన లోతైన గాయం అనే మాట మీకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే కొందరు పిల్లలు ఇలాంటి పెద్ద మాటలు ఫోనులో చూసి, స్నేహితురాలితో చిన్న గొడవకు కూడా వాడేస్తుంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. రెండు నిమిషాల వీడియో చూసి తమ జబ్బుకు తామే పేరు పెట్టుకునేవారినీ చూస్తున్నాను. అలా పెట్టుకున్న పేరు తర్వాత విడిపించడం కష్టం. అయినా ఆ మాట సరైనదా కాదా అని మీరు వాదనకు దిగకండి. ‘అప్పుడు ఏం జరిగింది, చెప్పమ్మా’ అని అడగండి. పేరు తప్పు కావచ్చు, నొప్పి తప్పు కాదు.

మాత్రల సంగతి మందుల షాపు అతనికి వదిలేయకండి. దిగులుకూ ఆందోళనకూ ఇప్పుడు సాధారణంగా మొదట రాసే మందులు మద్యంలాగా ఇంకా కావాలనిపించేవి కావు. వాటి గుణం తెలియడానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి రావచ్చు. నిద్రకూ, దడ వెంటనే తగ్గడానికీ ఇచ్చే కొన్ని మాత్రలు మాత్రం ఎక్కువ కాలం వాడితే నిజంగానే అలవాటవుతాయి. మీ అమ్మాయి వేసుకునేది ఏ రకమో, ఎన్నాళ్ళు వాడాలో ఆ డాక్టరునే అడగాలి. ఆమె ఒప్పుకుంటే మీరూ వెంట వెళ్ళండి.

థెరపిస్టు విషయంలో మీరు అడగదగిన ప్రశ్న ఒకటుంది. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర పెద్ద అడ్డంకి ఏమీ లేదు. క్లినికల్ సైకాలజిస్టుకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్య ఉందో లేదో చూసుకున్నావా అని అమ్మాయిని అడగండి, పోలీసులా కాదు, అమ్మలా. ఖర్చు భారమైతే తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు కూడా దూరం కాదు, మన వాళ్ళు ఏ జబ్బుకైనా తరతరాలుగా వెళ్తున్న ఊరే. మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలి మానస్ ఫోను నంబరు 2022 అక్టోబరులో మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఎప్పుడైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే తిట్టకండి, మాట మార్చకండి. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పెళ్ళి గురించి. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. పలమనేరు వారికి ఇప్పుడు చెప్పవలసిన మాట ‘అమ్మాయి చదువు పూర్తి కావాలి’ అన్నదే, అది అబద్ధం కాదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలి. పేరు రాసుకుంటే ఊరంతా తెలిసిపోతుందనే భయం వద్దు. రేపు సంబంధం కుదిరే వేళ ఆ అబ్బాయికి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీ అమ్మాయే నిర్ణయించుకోవాలి. మాత్రల డబ్బా దాచుకొని కాపురానికి వెళ్ళడం మాత్రం ఆమెకూ మంచిది కాదు, ఆ అబ్బాయికీ న్యాయం కాదు.

ఈ శనివారం మీరొక్కరే బస్సెక్కి తిరుపతి వెళ్ళండి. రెండు గంటల ప్రయాణం. పెళ్ళికొడుకు ఫోటో తీసుకువెళ్ళవద్దు, నిప్పట్ల డబ్బా తీసుకువెళ్ళండి. కపిలతీర్థం దగ్గర కాసేపు కూర్చోండి. ‘ఆ రోజు నువ్వు చెప్పినప్పుడు నాకు ఏమనాలో తెలియలేదు. చెప్పడమే మంచిదైంది’ అనండి. థెరపిస్టుకు మా గురించి ఏం చెప్పావని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న మీ నాలుక చివరిదాకా వస్తుంది, నాకు తెలుసు. ఆపుకోండి. ఆమె మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండి, చీకటి పడకముందే తిరుగు బస్సెక్కండి. వచ్చే వారం మళ్ళీ వెళ్ళవచ్చు.

ఇంకొక్క మాట. నాలుగేళ్ళుగా నిద్ర లేదని రాసి, పెద్ద విషయం కాదని మీరే కొట్టేశారు. నాకు పెద్ద విషయమే. పడుకున్నాక నిద్ర రావడం లేదా, తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తోందా, ఆ వేళ ఏ ఆలోచనలు తిరుగుతున్నాయి, ఒంట్లో వేడి ఆవిర్లు వస్తున్నాయా, ఇవన్నీ నాకు విడిగా రాయండి. ఈలోగా ఒకసారి వైద్యుణ్ణి కలవండి, లేదా ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం ఆ 14416కు ఫోను చేయండి. చేశాక, చేశానని మీ అమ్మాయికి చెప్పండి.