సోమవారం అర్జీ ఇచ్చినా కాలువ సమస్య కౌన్సిల్‌కు ఎందుకు రాలేదంటే

మధురవాడ కాలువ గురించి సోమవారం ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో మీరిచ్చిన అర్జీ కమిషనర్ యంత్రాంగానికి వెళ్లింది, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కౌన్సిల్ అజెండాలోకి కాదు. అందుకే సమావేశంలో ఆ కాలువ ఊసే రాలేదు. కౌన్సిల్‌లో మాట్లాడే హక్కు 98 వార్డుల కార్పొరేటర్లకు, ఎక్స్ అఫీషియో సభ్యులకు (ఎమ్మెల్యేలు, ఎంపీల్లా పదవి వల్ల సభ్యులైనవారికి) మాత్రమే.

చాలామంది వదిలేసే మెట్టు ఇదే:

1. అర్జీ రసీదు నకలు, కల్వర్టు దగ్గర మురుగు నిలిచిన ఫొటో తీసుకుని మీ కార్పొరేటర్‌ను కలవండి.
2. మీ సమస్య ఆయన సంతకంతో ప్రశ్నగానో ప్రతిపాదనగానో సమావేశానికి ముందే కౌన్సిల్ కార్యదర్శికి రాతపూర్వకంగా అందాలి. తేదీ ముద్ర వేసిన నకలు తప్పకుండా మీ దగ్గర ఉంచుకోండి.

కార్పొరేటర్ "జీరో అవర్‌లో (ముందస్తు నోటీసు లేకుండా మాట్లాడే సమయంలో) అడుగుతాలెండి" అంటే ఒప్పుకోకండి. ఆ ప్రస్తావన తీర్మానం కాదు, నాకైతే దానిమీద నమ్మకం లేదు.

కౌన్సిల్ తీర్మానం చేస్తే, దాని ప్రతికి 10 రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.