గుమ్మాన్ని కూడా ఫొటోలో ఉంచు

రాజమహేంద్రవరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఉత్తరం అందింది. సంక్రాంతి వెళ్ళాక మీ పెంకుటిల్లు విప్పించి డాబా కట్టిస్తున్నారనీ, ఈలోగా బెంగళూరు నుంచి పది రోజుల సెలవు మీద వచ్చి అమ్మానాన్నలనూ ఇంటినీ తృప్తిగా ఫొటోలు తీసుకోవాలనుకుంటున్నావనీ, అందుకు ఏ కెమెరా కొనమంటారనీ అడిగావు. నలభై ఏళ్ళు స్టూడియో నడిపినవాడిగా చెబుతున్నాను, ఏమీ కొనవద్దు. నీ చేతిలో ఉన్న ఫోను చాలు. ఆ డబ్బు పెట్టి, తిరిగి వెళ్ళాక మంచి వాటిని కాగితం మీద ప్రింటు వేయించు. ఎవరిని ఎక్కడ ఉండనివ్వాలి, నువ్వు ఎక్కడ నిలబడాలి అన్నదే ఇప్పుడు నువ్వు ఆలోచించుకోవలసిన సంగతి.

ఇంట్లో ఫొటో అనగానే మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి, వెనక ఉన్న కేలండరూ బట్టల దండెమూ మంచం కింది బిందె కనబడకుండా సర్ది తీయడం మనందరికీ అలవాటు. అలా తీస్తే ముఖం వస్తుంది కాని, ఆ మనిషి బతికిన చోటు రాదు. గుమ్మంలోంచో, కిటికీలోంచో, రెండు స్తంభాల నడుమ నుంచో, వంగిన మామిడికొమ్మ కింద నుంచో తీసినప్పుడు ఆ గుమ్మమూ కొమ్మా బొమ్మకు అంచు కడతాయి, చూసేవాళ్ళ కన్ను పక్కలకు పోకుండా నేరుగా మనిషి మీద నిలుస్తుంది. ఇది ఫొటోలు తీసే ప్రతివాళ్ళూ చెప్పేదే. నేను దానికి ఒక్క మాట కలుపుతాను. ఆ అంచు ఆ మనిషి రోజూ దాటినదో, ఆనుకున్నదో, పట్టుకు నిలబడినదో అయి ఉండాలి. వరంగల్ కోటలో కాకతీయుల తోరణాలు నాలుగూ, చార్మినార్ కమానులూ ఎంత గొప్ప ఫ్రేములో నాకు తెలుసు. వాటి కింద నుంచి నేను ఎన్ని రీళ్ళు ఖర్చుపెట్టానో లెక్కలేదు. అయినా మీ అమ్మకు సంబంధించినంత వరకు వాటన్నిటికంటే మీ వంటింటి గుమ్మం పెద్దది.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మీ అమ్మమ్మ ఫొటో మా హాల్లో నువ్వు చూసే ఉంటావు. వెనక రంగుల తెర మీద పాలరాతి మెట్లూ పూలకుండీలూ ఉంటాయి. ఆవిడ జన్మలో అలాంటి మెట్లు ఎక్కి ఎరగదు. కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుని ఉంది. అంతకు ముందు ఒకనాటి ఉదయం ఆవిడ పెరటి గుమ్మంలో ఇత్తడి చెంబుతో తులసికోటకు నీళ్ళు పోయడానికి వెళ్తూ, నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. నేను ఇంటి లోపల ఉన్నాను, చేతిలో యాషికా కెమెరా ఉంది. దానిలో ఒక రీలుకు పన్నెండు ఫొటోలు వచ్చేవి, అందులో అప్పటికి ఒక్కటే మిగిలింది. పెరటి వెలుతురును బట్టి ఎక్స్‌పోజరు, అంటే ఫిల్ము మీద ఎంత వెలుగు పడాలో ఆ కొలత, పెట్టి మీట నొక్కాను. వెలుగంతా ఆవిడ వెనక నుంచి వస్తోంది కనుక ముఖం నల్లగా పడిపోయింది. ప్రింటు వేసే చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ఎంత సేపు తంటాలు పడినా ముక్కుపుడక మెరుపూ, చెంబు అంచూ తప్ప ఏమీ రాలేదు. అయినా ఈ రోజుకీ మీ అమ్మ నన్ను అడిగేది ఆ నల్లటి ప్రింటునే. ఆ గుమ్మమూ, చెంబూ, నిలబడిన తీరూ ఆవిడవే కదా.

అందువల్ల మొదట వెలుతురు సంగతి చెబుతాను. గుమ్మంలో నిలబడిన మనిషిని లోపలి నుంచి తీసేటప్పుడు నేను చేసిన తప్పు చేయవద్దు. ఫోను తెర మీద కనిపించే ముఖం మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ఫోకసు అక్కడే ఆగిపోతుంది. ఆ తరువాత వేలిని పైకీ కిందికీ జరిపి వెలుతురు సరిచూసుకో. ముఖం బాగా కనిపిస్తే చాలు, వెనక ఆకాశం కొంత తెల్లబడినా విచారించకు. ఇంతకంటే మంచి ఉపాయం మరొకటి ఉంది. మనిషిని నీకు ఎదురుగా తిరగమనకుండా, ద్వారబంధానికి భుజం ఆనించి పక్కకు, వీధి వైపు చూడమను. అప్పుడు ముఖంలో సగం మీద మెత్తని వెలుగు పడుతుంది, లోపలి చీకటి చుట్టూ నల్లని అంచులా నిలుస్తుంది. నువ్వు బయట ఉండి, మనిషి లోపల ఉంటే మాత్రం గడపకు అడుగు దూరంలోనే ఉండమని చెప్పు. నాలుగడుగులు లోపలికి వెళితే చీకట్లో కలిసిపోతారు.

ఇక మీ వంటింటి గుమ్మం. ఆ ద్వారబంధానికి ఎడమ వైపు, పసుపు పూత పైన, పెన్సిలు గీతలు ఉన్నాయి, జ్ఞాపకం ఉందా? నువ్వు ప్రతి పుట్టినరోజుకూ వీపు ఆనించి నిలబడితే మీ నాన్న నీ తల మీద స్కేలు పెట్టి గీసినవి. అన్నిటికంటే కింది గీత ఇప్పుడు మీ అమ్మ నడుము కంటే కిందే ఉంటుంది. ఆవిడను ఆ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలవనివ్వు. ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి రెండు నిలువు కొయ్యలూ గడపా పూర్తిగా కనిపించేటట్లు తియ్యి. ఫోనును ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకో. పైకి వంచితే ద్వారబంధం పైభాగం లోపలికి ఒరిగినట్లు పడుతుంది. చోటు చాలలేదని వెడల్పు లెన్సు పెడితే అంచులు సాగిపోతాయి, ఆవిడ చేతులు ఉన్నదాని కంటే పెద్దవిగా వస్తాయి. మామూలు లెన్సుతోనే, నీ కాళ్ళతో వెనక్కి జరుగు. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ముట్టుకోవద్దు. అది ముఖాన్ని ఉంచి మిగిలినదంతా మసక చేస్తుంది, అంటే నువ్వు ఏ గీతల కోసం వచ్చావో వాటినే చెరిపేస్తుంది. ఆ గీతలను విడిగా, దగ్గరగా కూడా ఒకటి తీసుకో, కిటికీ వెలుతురు పక్క నుంచి పడే వేళ చూసుకుని.

మండువా దగ్గర నీకు అన్నిటికంటే ఎక్కువ పని ఉంటుంది. నాలుగు వసారాలు, నడుమ ఆకాశం, ఎటు చూసినా స్తంభాల జతలు. కోనసీమలో అలాంటి లోగిళ్ళు తరిగిపోతున్నాయి, అందుకని ఒక పూటంతా అక్కడే గడుపు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీద పడి కళ్ళ కింద గుంటల్లా నీడలు వేస్తుంది కనుక ఆ సమయంలో భోజనం చేసి పడుకో. ఉదయం ఎనిమిది దాటాక ఎండ పడమటి గోడ మీద పడి, అక్కడి నుంచి తిరిగి ఎదుటి వసారాలోకి వెలుగు ఊరుతుంది. మీ నాన్న పేపరు చదువుకునే పడక్కుర్చీ ఆ వసారాలోనే ఉంటుంది. నువ్వు ఎదురుగా, మండువాకు ఇవతల, రెండు స్తంభాల వెనక నిలబడు. దగ్గరి స్తంభాలు నీడలో ఉంటాయి, ఆయన వెలుగులో ఉంటారు. పై నుంచి పెంకుల చూరు ఒక వరుస కనిపించనీ. ఆయన కెమెరా చూడగానే చొక్కా గుండీలు సర్దుకుని బిగుసుకుపోయే మనిషి. అంత దూరంలో నువ్వు నిలబడి ఉంటే పది నిమిషాలకు నిన్ను మరిచిపోతారు. అయితే దొంగచాటుగా తీయడం నాకు ఇష్టం ఉండదు. ముందే చెప్పు, తీశాక చూపించు, వద్దన్నవి తీసెయ్యి.

కిటికీ గురించి ఒక విశేషం. కెమెరాతో తీసినవాటిలో ఈ రోజుకు మిగిలి ఉన్న అతి పాత ఫొటో, 1826–27 ప్రాంతంలో ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన తన ఇంటి మేడ కిటికీలోంచి గంటల తరబడి వెలుతురు పట్టి తీసినది. 1835లో ఇంగ్లండులో టాల్బట్ తీసిన, తపాలా బిళ్ళంత నెగటివులో ఉన్నది కూడా ఆయన ఇంటి కిటికీయే. ఆ కళ పుట్టినప్పుడు మొదట చూసింది సొంత ఇంటిని. కాబట్టి మీ వీధి గది కిటికీని చిన్నచూపు చూడకు. ఊచల మధ్య నుంచి తీసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఊచ కంటికి అడ్డం రాకూడదు. రెండంగుళాలు అటో ఇటో జరిగితే సరిపోతుంది. లెన్సును ఊచలకు బాగా దగ్గరగా పెడితే అవి మసగ్గా అంచులో ఉండిపోతాయి.

మిగిలినవి నీకే కనిపిస్తాయి. దండెం మీద ఆరేసిన రెండు చీరల నడుమ దారి, దోమతెర ఎత్తి పట్టుకున్న చెయ్యి, బావిగిలక కింద తాడూ కొయ్యలూ, బీరువా అద్దం. కొమ్మలూ ఆకులూ ఫ్రేముగా పెట్టుకునేటప్పుడు పైనో ఒక పక్కనో ఉంటే చాలు, నాలుగు వైపులా నింపాలని లేదు. అంచు దట్టమైతే మనిషి చిన్నబోతాడు. ప్రతి ఫొటోకూ ఫ్రేము వెతుక్కుంటూ తిరగకు. మీ నాన్న నవ్వితే ముందు ఆ నవ్వు పట్టుకో, గుమ్మం ఎక్కడికీ పోదు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫొటోల కోసమని ఇల్లు సర్దకండి. గుమ్మం పక్కన చెప్పులు, మేకుకు వేలాడే సంచి, కరెంటు మీటరు కింద గోడ మీద రాసిన పాలవాడి లెక్క అన్నీ అలాగే ఉండనివ్వండి. ఇరవై ఏళ్ళ తరువాత నీ పిల్లలు భూతద్దం పెట్టి చూసేవి అవే. ఫొటోలను రెండు చోట్ల దాచు, ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

మండువా స్తంభాలూ వంటింటి ద్వారబంధమూ రంపానికి పెట్టకుండా, కీళ్ళ దగ్గర ఊడదీయించమని వడ్రంగితో మాట్లాడమని బావగారికి విడిగా రాస్తున్నాను. భోగికి రెండు రోజుల ముందు నేనూ వస్తాను. వంటింటి గుమ్మంలో మీ అమ్మ ఫొటోకు మాత్రం నా కోసం ఆగకు, వచ్చిన మర్నాడే తీసెయ్యి. ఉదయం ఎనిమిదిన్నర వేళకు అక్కడ వెలుతురు బాగుంటుంది.

ఇట్లు
నీ మేలు కోరే మామయ్య