సమాధానం: కొమాచి బొమ్మలో ముఖం ఎందుకు లేదు?

మీ టెన్షన్ అర్థమైందండి. ప్రజెంటేషన్ కోసం దించుకున్న జపాన్ కవయిత్రి ఒనో నో కొమాచి బొమ్మలో వీపు, జుట్టు మాత్రమే ఉన్నాయి, ఫైల్ పాడైందా, వేరే మంచిది వెతకాలా అన్నారు. అక్కర్లేదు. అది ఒకప్పుడు జపాన్‌లోని సతాకె అనే ప్రభువుల వంశం దగ్గరున్న "ముప్పై ఆరుగురు కవులు" బొమ్మల చుట్టల్లోది (చుట్టిపెట్టుకునే పొడవాటి కాగితాలు), 13వ శతాబ్దపు పని. అందులో ఆమెను గీసిందే అలా, వెనక నుంచి. మహా అందగత్తెగా పేరు మోసిన మనిషి కదా, ముఖాన్ని చూసేవాళ్ళ ఊహకే వదిలేశారని చాలామంది అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇంకో సంగతి, ఇది స్లైడ్‌లో తప్పక రాయండి: ఆమె 9వ శతాబ్దపు మనిషి. అంటే చిత్రకారుడు ఆమెను చూసే అవకాశమే లేదు. ఆ బొమ్మను పోలికగా కాకుండా, హోదాకూ పేరుకూ తగ్గ ఊహగా చూపించండి. ముప్పై ఆరుగురిలో ఆడవాళ్ళు ఐదుగురే. వాళ్ళలో రాజవంశీకురాలైన సైగూ నో న్యోగోను తెర పక్కన కూర్చోబెట్టారు, అది అంతఃపుర మర్యాద. కొమాచి పక్కన ఆమెను పెడితే మీ పాయింట్ ఇట్టే తెలుస్తుంది.

1919లో మొత్తం కొనే స్తోమత ఎవరికీ లేక ఆ చుట్టలను 37 ముక్కలు చేసి లాటరీ వేసి పంచుకున్నారు (తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది). అందుకే మీకు విడి బొమ్మలే దొరుకుతున్నాయి.

ముఖం కావాల్సిందే అంటే చిత్రకారుడు కత్సుకవ షున్షో గీసిన 1775 నాటి రంగుల అచ్చు పుస్తకం చూడండి. అది "నూరుగురు కవులు" సంకలనం, అందులో కవయిత్రులు 21 మంది.