దేవరకొండలో తోడు వెతుక్కుంటున్న చెల్లెలికి

చెల్లీ, నాలుగేళ్ల మీ బాబుకు ఆటిజం అని తేలాక దేవరకొండలో మీ గోడు వినేవారే లేరని, "వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చినయి" అని చుట్టాలు కొట్టిపారేస్తున్నారని రాశారు. ఆ మాటే నమ్మి మా పాప విషయంలో నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ముందు మండలంలోని భవిత కేంద్రానికి, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రానికి, వెళ్లండి. అక్కడి టీచరు నేర్పేది ఎంత ముఖ్యమో, పిల్లల కోసం బయట కూర్చునే తల్లుల పరిచయం అంతకన్నా ముఖ్యం. కుక్కర్ కూతకు చెవులు మూసుకుని ఏడ్చే మా పాపకు మూత పెట్టేటప్పుడే చూపించి, "ఇప్పుడు కూస్తది" అని ముందుగా చెప్పమన్నది అలాంటి తల్లే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థకూ (NIEPID) బాబును ఒకసారి తీసుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉన్నది కనుక, వైకల్య ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.